మొలల లాగే కనిపించే మరొక జబ్బు



దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడితే మన వాళ్ళు మొదట అనే మాట "మొలలు". చాలాసార్లు అది నిజమే. అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కారం తగ్గించి, మజ్జిగ త్రాగి, మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కుని సరిపెట్టుకుంటారు. పెద్ద వయసు తల్లులైతే సిగ్గుపడి కన్న కూతురికి కూడా చెప్పరు. మేము అడిగి అడిగి రాబట్టేసరికి నెలలు గడిచిపోయి ఉంటాయి.

మొలల లాగే కనిపించే ఒక అరుదైన క్యాన్సర్ ఉంది. దాని పేరు మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాలలో ఇది పుడుతుంది. ఆ కణాలు మలద్వారం లోపలి పొరలో కూడా ఉంటాయి. చర్మం మీద వచ్చే మెలనోమాకు ఎండ ఒక కారణం, అది తెల్లవారిలో ఎక్కువ. ఎండ తగలని ఈ చోట వచ్చేదానికి ఎండతో సంబంధం లేదు. కాబట్టి నల్లవాళ్ళం, మాకు రాదులే అనుకోవడానికి లేదు. మెలనోమాలన్నిటిలో సుమారు నూటికి ఒకటి ఇక్కడ వస్తుంది. ఎక్కువగా 60 ఏళ్ళు దాటినవారిలో, మగవారికంటే స్త్రీలలో కొంచెం ఎక్కువగా చూస్తాము.

రక్తం, నొప్పి, దురద, చేతికి తగిలే గడ్డ, వెళ్ళివచ్చినా ఇంకా వెళ్ళాలనిపించడం, ఇవే లక్షణాలు. మొలలకూ ఇవే. గడ్డ నల్లగా ఉంటే తెలిసిపోతుంది కదా అంటారేమో. రక్తం గడ్డకట్టిన మొల కూడా నల్లగా, నీలంగానే ఉంటుంది. పైగా కొన్ని మెలనోమాలకు అసలు నలుపే ఉండదు. (ఐరన్ మాత్రలు వాడేవారికి విరేచనం నల్లగా అవుతుంది. అది వేరే సంగతి, కంగారు పడవద్దు.)

కనుక కంటితో చూసి ఎవరూ తేల్చలేరు. డాక్టరుగారు ముందు గ్లవుజు వేసుకుని వేలితో పరీక్షిస్తారు, తరువాత ప్రాక్టోస్కోపు అనే చిన్న గొట్టంతో లోపల చూస్తారు. తెర కట్టి ఉంటుంది, స్త్రీలకు మా సిస్టరు ప్రక్కనే నిలబడుతుంది. కొద్ది నిమిషాల పని. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మైక్రోస్కోపులో కూడా ఇది వేరే క్యాన్సర్లలాగా కనిపించి మోసం చేస్తుంది. అందుకని ఎస్-100, హెచ్ఎంబి-45, మెలన్-ఎ అనే ప్రత్యేక రంగు పరీక్షలు చేస్తారు. మెలనోమా అని తేలితే గజ్జలలో బిళ్ళలు, కాలేయం, ఊపిరితిత్తులు చూడడానికి స్కానింగులు ఉంటాయి. ఇది త్వరగా ప్రాకే జబ్బు, దాచవలసిన పని లేదు. ప్రాకకముందు దొరికితే ఆపరేషనుతో తీసివేసే వీలుంటుంది. ప్రాకినవారికి ఇప్పుడు ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి.

మొలలకని ఆపరేషను చేసి తీసిన ముక్కలో ఈ జబ్బు బయటపడిన సందర్భాలు వైద్య గ్రంథాలలో ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఎక్కడ ఆపరేషను చేయించుకున్నా "ముక్క పరీక్షకు పంపుతారా అండీ?" అని అడగండి. మా థియేటరులో ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు సీసా మీదనే వ్రాస్తాము. మూత మీద వ్రాస్తే మూతలు తారుమారవుతాయి, మా విద్యార్థినులకు మొదట నేర్పేది అదే. ఊళ్ళలో పసరు పూసి, కాల్చి మొలలు రాలగొట్టేవారి దగ్గర పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు.

రిపోర్టు రావడానికి వారం, పది రోజులు పట్టవచ్చు. ఈలోగా రక్తం ఆగిపోయిందని రాకుండా ఉండిపోయినవారున్నారు. ఓ.పి. చీటీ మీద ఫోను నెంబరు తప్పక వ్రాయించండి, ఇంట్లో ఇంకొకరిది కూడా.