చలానా కట్టేస్తే అయిపోయినట్టు కాదు
అపోహలు – వాస్తవాలు

సెల్‌కు చలానా మెసేజ్ రాగానే ముందు చూసేది ఎంత కట్టాలన్నదే. కట్టాక మర్చిపోతాం. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక జరిమానాకూ లైసెన్స్‌కూ మధ్య ముడి బాగా బిగిసింది. ఈ సంగతి తెలియక చాలామంది డబ్బు గురించే బెంగపడుతున్నారు.

అపోహ: చలానా కడితే తప్పు మాసిపోతుంది.

వాస్తవం: మాసిపోదు. చట్టంలోని 200వ సెక్షన్ ప్రకారం, జరిమానా కట్టి రాజీ చేసుకున్నా ఆ ఉల్లంఘన లెక్కలోనే ఉంటుంది. అదే తప్పు మళ్లీ చేస్తే రెండోసారి చేసినట్టే. లైసెన్స్‌పై చర్య కూడా ఆగదు. ఉదాహరణకు సెల్‌ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం, సిగ్నల్ జంప్, రాంగ్ రూట్ ప్రమాదకర డ్రైవింగ్ కిందికి రావచ్చు. తొలిసారి గరిష్ఠ జరిమానా 5,000 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 10,000 రూపాయల జరిమానా గానీ, రెండేళ్ల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

అపోహ: పాయింట్ల గొడవ విదేశాల్లోనే, మన లైసెన్స్‌కు ఢోకా లేదు.

వాస్తవం: బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకు పాయింట్ల భయం బాగా తెలుసు. అక్కడ ఫోన్ పట్టుకుని నడిపితే 200 పౌండ్ల జరిమానా, ఆరు పాయింట్లు. టెస్ట్ పాసైన రెండేళ్లలోపు ఆరు పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు. తెలంగాణ కూడా 2017 ఆగస్టులో పాయింట్ల పద్ధతి తెచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్స్ ఏడాది సస్పెండ్ అన్నది అందులోని నిబంధన.

మన కేంద్ర చట్టం మాత్రం పాయింట్లు పోగయ్యేదాకా ఆగమనలేదు. హెల్మెట్ లేకపోయినా, బండిపై ముగ్గురెక్కినా 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల అనర్హత రాసిపెట్టింది. అక్కడికక్కడ వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారినా, ఈ అనర్హత నిబంధన దేశమంతటికీ ఒకటే. అతివేగం, డ్రంకెన్ డ్రైవ్ లాంటి కేసుల్లో పోలీసులు లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకు పంపొచ్చు. అక్కడి అధికారి మన వాదన విన్నాకే నిర్ణయిస్తారు. తొలిసారి మూడు నెలలు, ఆపైన రద్దు. గడువు తీరినా రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్స్ తిరిగి ఇవ్వాలని చట్టం చెబుతోంది.

అపోహ: సస్పెండైతే ఏం, ఆ మూడు నెలలు జాగ్రత్తగా నడుపుకోవచ్చు.

వాస్తవం: అలా నడపడం మరో నేరం. మూడు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఆ సమయంలో ప్రమాదం జరిగితే బీమా సంస్థ మన బండి నష్టానికి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అవతలివారికి చెల్లించిన పరిహారాన్నీ మన నుంచే రాబట్టవచ్చు.

అపోహ: హెల్మెట్ నడిపేవారికే.

వాస్తవం: నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తప్పనిసరి, వెనక కూర్చున్నవారికి కూడా. పోలీసుల్ని చూసి తలపై బోర్లించుకుంటే సరిపోదు. గడ్డం కింద పట్టీ బిగించి ఉంటేనే చట్టం దాన్ని హెల్మెట్ ధరించినట్టు లెక్కిస్తుంది. పట్టీ వేలాడుతుంటే, పడ్డప్పుడు తల నేలకు తగిలేలోపే హెల్మెట్ ఊడి పక్కన దొర్లుతుంది.

అపోహ: మైనర్ బండి నడిపి దొరికితే చలానా కట్టి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: సంరక్షకులకు గానీ, బండి యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. తమకు తెలియకుండా జరిగిందని నిరూపించుకునే బాధ్యత వారిదే. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. పదో తరగతి పాసయ్యాడని బైకు తాళాలు చేతికిచ్చే ముందు తల్లిదండ్రులు ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకోవాలి.

అపోహ: డిస్కౌంట్ ఇస్తారు, అప్పటిదాకా ఆగుదాం.

వాస్తవం: తెలంగాణలో 2022లోనూ, 2023 చివరిలోనూ పెండింగ్ చలానాలపై భారీ రాయితీ ఇచ్చిన మాట నిజం. అది ప్రభుత్వం ఆయా సందర్భాల్లో తీసుకున్న నిర్ణయమే తప్ప మన హక్కు కాదు. పైగా డ్రంకెన్ డ్రైవ్ కేసు కోర్టుకు వెళ్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, తొలిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా ఈ రెండూ పడే అవకాశం ఉంది.

చలానా వస్తే ముందు దానితో వచ్చిన ఫొటో తెరిచి నంబరు ప్లేటు, చోటు, సమయం సరిచూసుకోండి. మీ బండి కాకపోతే వెంటనే ఫిర్యాదు చేయండి. మీదే అయితే కట్టండి, ఆ తప్పు మళ్లీ చేయకండి. కట్టిన డబ్బు నాలుగు రోజుల్లో సంపాదించుకోవచ్చు. లైసెన్స్ పోతే డ్రైవరుకు బతుకుతెరువు పోతుంది, ప్రాణం పోతే ఇల్లే కూలిపోతుంది.