పాట ఎవరిది?

మన యింటి అమ్మాయి సాయంకాలము హార్మోనియము ముందు కూర్చుండి పాత సినిమాపాట ఒకటి పాడినదనుకొందము. అన్నయ్య దానిని సెల్‌ఫోనులో రికార్డు చేసి యూట్యూబులో ఉంచినాడు. ఆ పాటపై స్వామ్యము వేరొకరిదని కొలది సేపటికే సందేశము వచ్చినది. గొంతు మా అమ్మాయిది, హార్మోనియము మాది, మధ్య ఇతరుల హక్కేమిటని ఇంటిల్లిపాదియు ఆశ్చర్యపడుట సహజమే. ఈ చిక్కును కొంచెము విడదీసి చూతము.

చట్టము దృష్టిలో ఒక పాటయందు మూడు వస్తువులు కలవు. సాహిత్యము కవిది, వరుస సంగీతకర్తది, రికార్డు దానిని తయారు చేయించిన నిర్మాతది. మొదటి రెండు హక్కులును ఒప్పందముల ద్వారా నిర్మాతలకో, రికార్డు కంపెనీలకో చేరియుండవచ్చును. మన అమ్మాయి పాత రికార్డును ముట్టుకొనలేదు. కాని మాటలను, వరుసను వాడుకొన్నది. చిక్కు అక్కడనే ఉన్నది.

1957 నాటి కాపీరైటు చట్టము నేడున్న రూపములో కవికిని, సంగీతకర్తకును జీవితకాలమంతయు, మరణించిన సంవత్సరము ముగిసిన పిమ్మట 60 ఏండ్లును హక్కు నిచ్చుచున్నది. రికార్డుకు మాత్రము అది వెలువడిన సంవత్సరము ముగిసినది మొదలు 60 ఏండ్లే. 'మాయాబజార్' 1957లో విడుదలైనది. ఆ యేట వెలువడిన రికార్డుల గడువు 2017తో తీరినది. కాని పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో కీర్తిశేషులైరి కనుక, ఆ మాటలపై హక్కు 2031 చివరివరకు నిలుచును. రికార్డు పాతబడినంత మాత్రమున పాటకు బంధము తీరదు.

భక్తిగీతములకైనను ఇదే లెక్క. త్యాగరాజస్వామివారు 1847లో సిద్ధిపొందిరి. వారి కృతులను ఎవరైనను పాడుకొనవచ్చును. అన్నమాచార్యుల సాహిత్యమును అంతే. కాని రాగిరేకులపై రాగముల పేర్లున్నవే గాని స్వరములు లేవు. నేడు వినవచ్చు వరుసలలో పెక్కు 20వ శతాబ్దిలో విద్వాంసులు కూర్చినవి. వారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో గతించిరి. ఆయన కూర్చిన వరుసలకు గడువు 2039 చివరివరకు కలదు.

అనుమతికి చట్టము మార్గము చూపలేదా? చూపినది. 2012 సవరణ ప్రకారము, తొలి రికార్డు తయారైన సంవత్సరము గడచి ఐదేండ్లు నిండిన పిమ్మట, ముందుగా నోటీసు ఇచ్చి, రాయల్టీ చెల్లించి, ఆ పాటను మరల రికార్డు చేయవచ్చును. కాని సాధారణముగా ఏడాదికి కనీసము 50,000 ప్రతులకు రాయల్టీ ముందుగానే చెల్లించవలెను. ఇంటిలో పాడుకొను గాయనికి ఇది మోయరాని బరువు. రేడియో, టెలివిజన్ ప్రసారములకు అదే సవరణ వేరొక లైసెన్సును కల్పించినది. అది ఇంటర్నెట్టుకు వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పినది. 2022లో అచటి డివిజన్ బెంచి దానినే స్థిరపరచినది.

కనుక చిన్న గాయకులకు మిగిలినది హక్కుదారుల దయయే. యూట్యూబులో పాటలను పోల్చి పట్టు యంత్రవ్యవస్థ కలదు. పోలిక దొరికినచో హక్కుదారు ఆ పాటను ఆపివేయవచ్చును, లేదా ఉండనిచ్చి ప్రకటనల రాబడిని తాను గైకొనవచ్చును.

అట్లని హక్కులే అన్యాయమనరాదు. అదే 2012 సవరణ సినిమాహాలు వెలుపల పాట వాడకమునుండి వచ్చు రాయల్టీలో కవికిని, సంగీతకర్తకును సమభాగము విధించినది. ఆ సొమ్ము వారి కుటుంబములకు అన్నము. చిన్న గొంతుకలకు కూడ అందుబాటులో ఉండు సులభమైన లైసెన్సు ఒకటి ఏర్పడిననే ఉభయులకు న్యాయము జరుగును.

అంతవరకు కొన్ని జాగ్రత్తలు చాలును. కవి, సంగీతకర్తల పేర్లు చెప్పుట మర్యాదయే గాని అనుమతి కాదు. లాభాపేక్ష లేదన్నను అంతే. ఇతరులు తయారు చేసిన వాద్యసంగీతమును వెనుక వినిపించినచో మరియొక హక్కు అడ్డు వచ్చును. పాట ఎవరిదో విచారించి, వీలున్నచోట వ్రాతపూర్వకముగా అనుమతి కోరవలెను. మన పిల్లలు పాడుట మానవలదు. పాడుటకు ముందు ఈ ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును.