పాత ఇత్తడి ఇచ్చేసే ముందు ఒక్క నిమిషం!

‘పాత ఇత్తడికి కొత్త స్టీలూ...’ అన్న కేక వినబడగానే అటక మీది సామాను గుర్తుకు రాని ఇల్లాలు ఉండదేమో! కోడేరులోనైనా, కొల్లాపూర్‌లోనైనా, పాత ఇళ్లలో వెతికితే నాయనమ్మల నాటి నెమలి కుంకుమ భరిణె, చిలక పిడి గరిటె, మరచెంబు, మురుకుల గొట్టం ఏ మూలో దొరకకపోవు. వీటిని తూకానికి ఇచ్చేసి రెండు స్టీలు డబ్బాలు తెచ్చుకుంటే లాభమా, నష్టమా? ముందు మన చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోవాలి కదా!

ఏ లోహం?

ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది లోపల ఇనుము, పైన పూత. ఇత్తడి, రాగి, కంచు అంటుకోవు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినది. కంచు అంటే రాగి, తగరం కలిసినది. కంచు గిన్నెను వేలితో మీటితే గంటలా ఖంగుమంటుంది. శబ్దం బొంగురుగా వస్తే ఎక్కడో సన్నని బీట ఉందన్నమాట. కంచు పెళుసు, కిందపడితే పగులుతుంది.

పాతదేనా?

నల్లగా ఉన్నదల్లా పాతది కాదు. మందులు పూసి కొత్తవాటినీ నల్లబరుస్తారు. నిజంగా వాడిన వస్తువు చేయి తగిలేచోటే అరుగుతుంది. గరిటె పిడి, చెంబు అంచు, నెమలి ముక్కు నునుపుదేలి, గీతల సందులు మాత్రం నల్లగా ఉంటే నమ్మవచ్చు. మరచెంబు మూత బిగుతుగా, సాఫీగా తిరగాలి. మురుకుల గొట్టానికి బిళ్లలన్నీ ఉన్నాయా చూడండి. మూత, బిళ్ల పోతే విలువా పడిపోతుంది. చుక్కలతో కొట్టించిన పేరు, తేదీ ఉంటే పొరపాటున కూడా చెరిపేయకండి. అవే దాని పుట్టుపూర్వోత్తరాలు!

తోమేటప్పుడు చింతపండు మెల్లగా రుద్ది, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మిషను పాలిష్ పట్టిస్తే నగిషీ అరిగిపోతుంది.

వండుకోవచ్చా?

అందంగా ఉందికదా అని పొయ్యెక్కించకండి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో చారు, పులుసు, మజ్జిగ పెడితే చిలుము పట్టి కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అతుకు వేసిన టంకంలో సీసం ఉండవచ్చు, అలాంటిది అలంకరణకే ఉంచండి. కళాయి పూసే తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది. కాబట్టి కళాయి గిన్నెను ఒట్టిగా మంట మీద పెట్టరాదు.

ధర ఎలా?

బేరానికి ముందే ఇంట్లో తూకం వేసుకోండి. గంగాళం ఆరు కిలోలుండి, కొట్టువాడు తరుగు కింద పదోవంతు తీస్తే 600 గ్రాములు పోయినట్టే! రెండు మూడు కొట్లలో కిలో ధర అడగండి. వస్తుమార్పిడి వద్దు, డబ్బు లెక్కే అడగండి. స్టీలు మధ్యలోకి వస్తే అసలు ధర మనకు అంతుపట్టదు. బిందెలు, గంగాళాలు మామూలువైతే తూకం ధరే. నెమళ్లు, చిలకలు, చేతి నగిషీ ఉన్న వస్తువుకు మాత్రం పనితనం విలువ వేరే ఉంటుంది. దాన్ని తక్కెడలో వేయనివ్వకండి!

అమెరికాలో ఉన్న అమ్మాయి అడిగిందా? నూరేళ్లు దాటిన పురావస్తువులను సొంతంగా విదేశాలకు పంపడాన్ని 1972 నాటి చట్టం ఒప్పుకోదు. అనుమానముంటే పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవడం మేలు.

పాత్రలంటే అంత చిన్నచూపు అక్కర్లేదు. అహ్మదాబాద్‌లో 1981లో ‘విచార్’ పేరిట పాత్రలకే ఒక మ్యూజియం వెలిసింది. మన జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. స్టీలు డబ్బా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. నాయనమ్మ పేరు కొట్టించిన చెంబు కరిగిపోతే మళ్లీ వస్తుందా చెప్పండి?