బిడ్డ అక్కడ, తల్లి ఇక్కడ

ఏడో నెల బిడ్డ దక్కుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ దక్కదని మన పెద్దవాళ్ళు అనగా వినని వారు మనలో తక్కువ. యీ మాట వైద్యశాస్త్రం ముందు నిలవదు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. అయితే ఎప్పుడు పుట్టిందన్న దానితోబాటు ఎక్కడ పుట్టిందన్నది కూడా ముఖ్యమే.

1963 ఆగస్టులో అధ్యక్షుడు కెనెడీ దంపతులకు అయిదున్నర వారాలు ముందుగా మగబిడ్డ పుట్టాడు. ఊపిరితిత్తులు ఎదగలేదు. బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రికి తరలించినా 39 గంటలకు కన్నుమూశాడు. ఆనాడు దేశాధ్యక్షుడి బిడ్డకు లేని మందు యీనాడు సామాన్యుడి బిడ్డకు వుంది. ఊపిరితిత్తులు విచ్చుకొనేందుకు వేసే సర్ఫాక్టెంటుకు అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది. కాని మందు ఒక్కటే చాలదు. రేయింబవళ్ళు కనిపెట్టి వుండే నర్సులు, నిపుణులు ప్రతి ఊళ్ళోనూ వుండరు. అందుచేత 1976లో మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థ నివేదిక ఆసుపత్రులను మూడు అంచెలుగా విభజించి, మరీ చిన్న బిడ్డలను పై అంచెకు చేర్చమంది. 2012 నుండి అంచెలు నాలుగు. 2010లో ప్రచురితమైన ఒక పరిశీలన ప్రకారం, 1500 గ్రాముల లోపు బిడ్డలలో పై అంచె ఆసుపత్రులలో పుట్టినవారు నూటికి 23 మంది, ఇతర చోట్ల పుట్టినవారు 38 మంది మరణించారు. కనుక యీ పద్ధతి మంచిదా కాదా అన్న వాదం అనవసరం. దాని భారం ఎవరు మోస్తున్నారన్నదే ప్రశ్న.

నోవై నుండి ఆన్ ఆర్బర్‌లోని మాట్ ఆసుపత్రి పాతిక మైళ్ళు. డెట్రాయిట్‌లోని పిల్లల ఆసుపత్రీ ఇంచుమించు అంతే. కారున్నవారికి ఇది దూరమా అంటారు. ఒక చలికాలంలో మా బంధువులమ్మాయికి 28వ వారంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. చట్టం ప్రకారం బీమా సంస్థలు అటువంటి తల్లికి 96 గంటలు ఆసుపత్రిలో చోటివ్వాలి. ఆ తరువాత ఆమె ఇంటికి వచ్చేసింది. బిడ్డ పదకొండు వారాలు అక్కడే. కోత పచ్చిగా వుండి ఆమె కారు నడపలేదు. భర్తకు సెలవు చిక్కు. 1993 చట్టమిచ్చే 12 వారాల సెలవుకు జీతం లేదు. అది ఇప్పుడే వాడుకొంటే బిడ్డ ఇంటికొచ్చాక ఏమి చెయ్యాలి? పెద్దపిల్లను బడి నుండి తెచ్చేదెవరు? పిండిన పాలు మంచుపెట్టెలో పెట్టుకొని, మంచు కురిసే రోడ్డు మీద రోజూ ప్రయాణం. గుంటూరు నుండి పురుడు పొయ్యడానికి వచ్చిన అమ్మమ్మ కారప్పొడి, ఉయ్యాల గుడ్డ తెచ్చి, ఖాళీ ఇంట్లో కూర్చుంది. ఇరవై ఒకటో రోజున, "బారసాల లేకపోయినా పేరుతో పిలవండమ్మా, అది వింటుంది" అని కూతురికి చెప్పి పంపింది.

మన దేశంలోనూ యీ కష్టం వుంది. జిల్లాల నుండి హైదరాబాదు నీలోఫర్‌కు బిడ్డను ఎత్తుకొచ్చిన వారి తిండీ నిద్రా ఎక్కడో అక్కడికి వెళ్ళినవారికి తెలుసు. అక్కడైనా ఇక్కడైనా తల్లి రాక బిడ్డకు వేడుక కాదు, చికిత్సే. 1978 ప్రాంతంలో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వుంచే పద్ధతి మొదలైంది. నేడు ప్రపంచమంతా దాన్ని పాటిస్తున్నది. తల్లి అక్కడికి చేరలేకపోతే ఆ చికిత్స సగమే.

గర్భిణులకు ఒక్క మనవి. నెలలు నిండకుండా నొప్పులు వస్తే ఎక్కడికి పంపుతారో డాక్టరును ముందే అడగండి. వ్యవధి వుంటే పుట్టిన బిడ్డను తరలించడం కంటె, బిడ్డ కడుపులో వుండగానే తల్లిని తరలించడం మేలు. ఆసుపత్రిలోని సోషల్ వర్కరును, ఆన్ ఆర్బర్‌లోని రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ వసతిని గురించి అడగడానికి మొహమాటపడవద్దు.

తక్కిన మనకూ ఒక మనవి. బిడ్డ ఇంటికొచ్చాక ఉయ్యాల పాటకు అందరమూ వెళతాము. ఆ ముందరి వారాలలో ఒక పూట పప్పన్నం, ఒక రోజు కారు సాయం, పెద్దపిల్లకు ఒక సాయంత్రపు తోడు ఇస్తే, పాతిక మైళ్ళూ నిజంగా పాతిక మైళ్ళే అవుతాయి.