శుశ్రూష నేర్వగోరువారికి

ఇంటర్మీడియట్ పరీక్షాఫలితములు వెలువడినది మొదలు మన పాఠశాలల ముంగిళ్ళకు పాతవిద్యార్థుల రాకపోకలు హెచ్చును. జీవశాస్త్రము చదివిన బాలికలలో పెక్కుమంది వైద్యవిద్య కాశపడి, ర్యాంకు చాలక, "ఇక నర్సింగే గదా, మాస్టారూ" అని చిన్నబోయిన మొగములతో వచ్చుచుందురు. వారికి కావలసిన సర్టిఫికెట్టు వ్రాసియిచ్చి పంపివేయుట సులభమే. కాని ఆ "ఇక" అన్న మాటలో ఒక లోపమున్నది. పెద్దచదువు దక్కనివారికి మిగిలిన చిన్నచదువుగా నర్సింగును చూచుచున్నంతకాలము ఆ విద్యకు సిద్ధపడుట యను ప్రశ్నయే పుట్టదు. మిగిలినదానికి ముందుగా సిద్ధపడువా రెవరుందురు?

మన పెద్దలు ఈ పనికి పెట్టిన పేర్ల నొకసారి పరికింపవలెను. రోగి చుట్టును మెలగుచుండుట పరిచర్య. చెంత నిలిచియుండువాడు ఉపస్థాత. శుశ్రూష యన్న మాట వీనికంటెను చిత్రమైనది. వినుట యని అర్థముగల 'శ్రు' ధాతువునుండి ఇచ్ఛార్థమున ఏర్పడిన పదమిది. కావున దాని తొలి యర్థము 'వినవలెనను కోరిక'. గురువు చెప్పినది వినగోరువాడు గురువును సేవించును గనుక ఆ కోరికయే సేవకు పేరైనది. పిదప రోగికి చేయు సేవకును అదియే పేరుగా స్థిరపడినది. నర్సు పని యనగానే లోకులకు చేతులును సూదియును తలపునకు వచ్చును. మన మాట మాత్రము చెవితో మొదలగుచున్నది.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాల్గింటిలో ఏ పాదము కుంటుపడినను చికిత్స నడువదు. పరిచారకునకు కావలసిన గుణములును నాలుగే. ఉపచారమెట్లు చేయవలెనో తెలిసియుండుట, దక్షత, అనురాగము, శుచిత్వము. నేటి ప్రవేశపరీక్షలు వీనిలో మొదటిదాని తొలిమెట్టును మాత్రమే కొలువగలవు. తక్కిన మూడును ఏ ర్యాంకుపట్టికలోను కానరావు. అయినను వాని బీజములు బడిలోను ఇంటిలోను పడుచునే యుండును గనుక ఉపాధ్యాయులు పట్టించుకొనదగినవి అవియే.

ఇట్టి గుణములను కాగితముపై లెక్కింపబూనిన ప్రయత్నము ఒకటి చరిత్రలో కలదు. క్రిమియా యుద్ధానంతరము ఫ్లోరెన్సు నైటింగేలు పేర ప్రజలు చందాలెత్తి కూర్చిన నిధితో 1860లో లండను నగరమందలి సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయము నెలకొల్పబడినది. తొలి జట్టున చేరినవారు 15 మంది మాత్రమే. చేరగోరువారు మంచి నడవడికి పెద్దల యోగ్యతాపత్రము తేవలసియుండెను. చేరిన పిదప ఆసుపత్రి మేట్రను శ్రీమతి వార్డ్రోపరు నెలనెలకు ఒక్కొక్క విద్యార్థినిని గూర్చి పట్టిక పూరించుచుండెడిది. ఆ పట్టికలో పనితనమునకు వేరుగను నడవడికి వేరుగను గళ్ళుండెను. వేళకు వచ్చుట, నెమ్మది, నమ్మదగినతనము, శుభ్రత మొదలైనవి నడవడి గళ్ళలో చేరినవి. మనిషి స్వభావమును గళ్ళలో బంధించుట సబబా యని నేటివారు శంకింపవచ్చును. ఆ శంకలో బలము లేకపోలేదు. కాని 'నెమ్మది' యను గడి యేల యున్నదో తెలియగోరువారు ఆమె వ్రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' అను చిన్న పుస్తకమును చూడవలెను. అందులో చప్పుడును గూర్చి ప్రత్యేకముగ ఒక ప్రకరణమే యున్నది. గది వెలుపల నిలిచి తన్ను గూర్చి గుసగుసలాడుకొనుట వినవచ్చిన రోగి పడు యాతన నామె అందు ఎత్తిచూపినది. ఇక్కడను మాట చెవి యొద్దకే వచ్చినది.

మన దేశమున ఈ విద్య తొలుత వేళ్ళూనిన చోట్లలో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి యొకటి. 1871లో అచట నర్సుల శిక్షణ మారంభమైనది. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నియు నాడు ఆ రాజధాని క్రిందివే. 1946లో భోరు సంఘము తన నివేదికలో దేశమున సుమారు 43,000 మంది జనులకు ఒక్క నర్సు చొప్పున మాత్రమే యున్నదని తేల్చెను. ఆ సంవత్సరముననే ఢిల్లీలోను వేలూరిలోను పట్టభద్ర నర్సింగు విద్య మొదలైనది. మరుసటి యేట భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. 2023లో చేసిన కొత్త చట్టము ఆ మండలి స్థానమున జాతీయ కమిషనును నిలుప నుద్దేశించినది.

ఇక నేటి ద్వారములు. రెండేండ్ల ఏ.ఎన్.ఎం. చదువు గ్రామారోగ్య సేవకు సంబంధించినది. మూడేండ్ల జి.ఎన్.ఎం. డిప్లొమాకు ఇంటర్మీడియటులో ఏ శాఖ చదివినవారైనను అర్హులే. ఆంగ్లము చదివి, మొత్తముమీద నూటికి 40 మార్కులు తెచ్చుకొనియుండవలెను. నాలుగేండ్ల బి.ఎస్సి. నర్సింగునకు మాత్రము భౌతిక, రసాయన, జీవశాస్త్రములు తప్పనిసరి, ఆంగ్లమును చదివియుండవలెను, సాధారణముగా నూటికి 45 మార్కులు కావలెను. షెడ్యూల్డు కులములు, తెగల వారికి కొంత సడలింపు కలదు. ప్రవేశ సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండియుండవలెను. ఇదంతయు చెప్పుటకు కారణ మొక్కటే. పట్టము పొందగోరు పిల్ల దాని నిర్ణయము ఇంటర్మీడియట్ ముగిసిన పిమ్మట కాదు, పదవతరగతి ముగియగనే చేసికొనవలసియున్నది. గణితశాఖలో చేరి రెండేండ్ల తరువాత మనసు మార్చుకొన్న పిల్లకు డిప్లొమా ద్వారమొక్కటే తెరచియుండును. పదవతరగతి చెప్పు ఉపాధ్యాయు డీ సంగతి సకాలమున చెవిని వేయనిచో తరువాత చెప్పువారుండరు.

నర్సింగు విద్య బాలికలకే యనుకొనుటయు పొరపాటు. కొన్ని సంస్థలు స్త్రీలకు మాత్రమే ప్రవేశమిచ్చుట నిజమే కాని, పురుషులకు సీట్లిచ్చు కళాశాలలును గలవు. బాలురును విచారింపవచ్చును.

ఉపాధ్యాయుల చేతిలోనే యున్న మరియొక సంగతి పేరు. మన తెలుగువారి యింటిపేరు ముందు వచ్చును. అదియు తరచు పొడియక్షరముగనే మిగులును. బడిలో చేర్చునాడు ఎవరో వ్రాయించిన పేరు హాజరుపట్టికనుండి పదవతరగతి మార్కుల పత్రమునకు ఎక్కును. అక్కడినుండి అది శిలాశాసనమే. ఇంటర్మీడియట్ పత్రమున ఒక అక్షరము మారినను, ఆధారు కార్డులో ఇంటిపేరు విప్పివ్రాసినను, దరఖాస్తువేళ తగవు వచ్చును. తరువాత పాస్‌పోర్టువేళ, విదేశోద్యోగమువేళ అది పదింతలగును. పిల్ల పదవతరగతి పరీక్షకు కూర్చుండుటకు ముందే తలిదండ్రులను పిలిచి, పేరును పుట్టినతేదిని ఒకమారు సరిచూపించిన ఉపాధ్యాయుడు ఆ పిల్లకు తన యెరుకలేకయే గొప్ప మేలు చేసినవాడగును. స్థానిక అభ్యర్థిగా లెక్కకు రావలెనన్న ఏయే తరగతు లెక్కడ చదివినదియు తెలుపు స్టడీ సర్టిఫికెట్లు కావలెను. మూతపడిన బడిలో చదివిన పిల్ల వానికై తిరిగిన తిరుగుడు ఆ పిల్లకే తెలియును. కుల, ఆదాయ ధ్రువపత్రములు, బదిలీ పత్రము, ఆరోగ్యపరీక్ష పత్రము ఉండనేయుండును.

కళాశాల నెంచుకొనునపుడు రంగుల కరపత్రములను, దళారుల తీపిమాటలను నమ్మరాదు. రాష్ట్ర నర్సింగు మండలి గుర్తింపు ఆ సంవత్సరమునకు ఉన్నదా, పట్టమైనచో ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు అనుబంధమైయున్నదా యని తెలిసికొనవలెను. ఆ పిదప ఒక పూట స్వయముగ వెళ్ళి చూడవలెను. చూడవలసినది భవనమును కాదు. శిక్షణకు చూపిన ఆసుపత్రిని. మంచములుండి రోగులు లేని ఆసుపత్రిలో నర్సు విద్య నేర్చుట నీరులేని చెరువులో ఈత నేర్చుటయే. అసలు సర్టిఫికెట్లు ఎవరిచేత పెట్టవలసివచ్చినను రసీదును, నకళ్ళను దగ్గర నుంచుకొనుట మరువరాదు.

విద్యాసంబంధమైన సన్నాహములో మొదట చెప్పదగినది లెక్క. జీవశాస్త్రము చదివిన పిల్లలు లెక్కలు తప్పించుకొంటిమని సంతోషింతురు. వార్డులో ఆ సంతోషము నిలువదు. 500 మిల్లీలీటర్ల సెలైను నాలుగు గంటలలో ఎక్కింపవలెనని వైద్యుడు వ్రాసినాడనుకొందము. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడు గొట్టమైనచో మొత్తము 10,000 చుక్కలు. నాలుగు గంటలనగా 240 నిమిషములు. నిమిషమునకు ఇంచుమించు 42 చుక్కలు. గడియారము చూచుచు ఆ వేగమును నిలుపవలెను. ఇది ఏడవతరగతి భాగహారమే. ఇన్సులిను సంగతి ఇంకను జాగ్రత్త కోరును. మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలముగలదియు, 100 యూనిట్ల బలముగలదియు ఉండును. సిరంజీలును రెండు విధములు. నలుబదికై గీతలు గీచిన సిరంజిలోనికి నూరు బలపు మందును తోడినచో గీతను చూచి యిచ్చిన మోతాదు రెండున్నర రెట్లగును. తప్పిన లెక్కకు బడిలో ఎఱ్ఱసిరా గీత పడును. ఇక్కడ రోగి స్పృహ తప్పును. కావున ప్రవేశమునకు ముందు దొరకు సెలవులలో భిన్నములు, దశాంశములు, నిష్పత్తులు నోటికి వచ్చునట్లు సాధన చేసిన పిల్ల మొదటి సంవత్సరమున తోటివారికంటె తేలికగా నడచును.

రెండవది భాష. తెలుగు మాధ్యమున చదివినవారికి ఆంగ్లభయ మధికము. ఈ చదువు ఆంగ్లముననే సాగును గనుక ఆ భయము నిష్కారణమని చెప్పుట న్యాయము కాదు. కాని శరీరభాగముల పేర్లు, వ్యాధుల పేర్లు ఆంగ్లము మాతృభాషగా గలవారికిని కొత్తవే. అవి లాటినునుండి, గ్రీకునుండి వచ్చినవి. ఉపసర్గలను, ప్రత్యయములను గుర్తించుట నేర్చిన తెలుగు విద్యార్థి వానినిని అట్లే విడదీసి గుర్తుంచుకొనగలడు. సంధులు, సమాసములు నేర్చిన చదువు అక్కడ అక్కరకు వచ్చును. రోజునకు పది మాటలు వ్రాసుకొనుచు రెండునెలలు గడపిన చాలును.

ఆంగ్లముకంటె కష్టమైనది రోగి మాటను పట్టుకొనుట. మన భాషలో నొప్పి యొక్కటిగా లేదు. పంటిలో పోటు, పుండులో సలుపు, కాళ్ళలో తీపులు, కడుపులో మంట, నరము గుంజుట, ప్రక్కలో కుట్టు, చేతిలో తిమ్మిరి. ఇవి వేరువేరు బాధలకు పల్లెజనులు పెట్టుకొన్న పేర్లు. "కడుపులో దేవుతోంది" అనునది నొప్పి కాదు. వాంతికి ముందటి వికారము. కోస్తాలో ఆయాసమను దానినే తెలంగాణమున "దమ్ము వస్తున్నది" అందురు. పట్టణమున పెరిగిన నర్సు ఈ మాటలన్నింటిని కలిపి చార్టులో 'నొప్పి' అని ఒక్క ముక్క వ్రాసినచో వైద్యునకు చేరవలసిన సగము వార్త దారిలోనే జారిపోయినది. రాయవరపు పొలములలోనో, పాలమూరు తండాలలోనో అవ్వల నడుమ పెరిగిన పిల్లకు ఈ సంపద ఉచితముగ వచ్చినది. దానిని చూచుకొని సిగ్గుపడుటకు మారుగా ఆమె దానిని కూడబెట్టుకొనవలెను. తెలుగు పాఠములు చెప్పువారు ఇంటింట వినబడు బాధలమాటలను సేకరించి తెండని తరగతికి ఒకనాడు పని యిచ్చిరేని, వ్యాకరణపాఠమునకును లోటు కలుగదు.

కొన్ని కళాశాలలలో ముఖాముఖి ప్రశ్నలును వేయుదురు. "ఈ విద్య యేల కోరితివి?" అన్నది తప్పక వచ్చును. "సేవయన్న నాకిష్టము" అని ప్రతివారును చెప్పుదురు; విని విని పరీక్షకుల చెవులు మొద్దుబారియుండును. మంచమున పడిన నాయనమ్మకు వీపున పుండ్లు పడకుండ ఎన్ని గంటల కొకసారి ప్రక్క త్రిప్పినదో, రాత్రి ఆమె నీళ్ళడుగుటకు ముందు ఎట్లు దగ్గెడిదో చెప్పగల పిల్లను వారు మరల తలయెత్తి చూతురు. అది కంఠపాఠముచే వచ్చునది కాదు. అట్టి అనుభవము లేనివారు ఇంటిలోని జ్వరపీడితుని ఉష్ణోగ్రతను, నాడిని ఉదయసాయంకాలములు వ్రాసియుంచు అలవాటునుండి మొదలుపెట్టవచ్చును.

దేహము సంగతియు చెప్పవలెను. రాత్రి కొలువులు, గంటలకొలది నిలిచియుండుట తప్పవు. హెపటైటిస్-బి టీకాలు మూడు విడతలుగా ఆరునెలలలో పూర్తియగును; ముందుగా వేయించుకొనినచో రోగుల రక్తము తాకు నాటికి రక్షణ సిద్ధముగా నుండును. నెత్తురు చూచి కన్నులు తిరుగుట సిగ్గుపడవలసినది కాదు. పెక్కుమందికి కొద్దిదినములలో పోవును. రాత్రికొలువన్న మాట వినగానే తలిదండ్రులు వెనుకాడుటయే పెద్ద యడ్డంకి. ఇక్కడ ఉపాధ్యాయుని మాటకు బలమున్నది. తండ్రిని పిలిచి, కళాశాల వసతిగృహమును, ఆసుపత్రికి పోయివచ్చు దారిని స్వయముగ చూచిరమ్మనుట వాదించుటకంటె మేలు.

చదువు ముగిసి పరీక్ష కృతార్థమైనంతమాత్రమున నర్సు కాజాలదు. రాష్ట్ర మండలి పట్టికలో పేరెక్కి, ఒక సంఖ్య పడవలెను. ఆ దరఖాస్తుతో జతపరుపవలసిన కాగితములలో పదవతరగతి మార్కుల పత్రమును ఒకటి. పేరులోని అక్షరములును పుట్టినతేదియు అన్నింటను సరిపోలెనా యని గుమాస్తా ఒకటికి రెండుమారులు చూచి, అప్పుడు సంఖ్య వేయును.