మరణ పన్ను వదంతి: అపోహలు – వాస్తవాలు

2019 మే 18న జరిగిన ఆస్ట్రేలియా సార్వత్రిక ఎన్నికల్లో లేబర్ పార్టీ గెలుపు ఖాయమని సర్వేలన్నీ చెప్పినా, స్కాట్ మోరిసన్ నాయకత్వంలోని లిబరల్–నేషనల్ కూటమి అధికారాన్ని నిలబెట్టుకోవడంతో, ఎన్నికల వేళ పన్ను సంస్కరణను ప్రతిపాదించడం గురించి ఎన్నో అపోహలు స్థిరపడిపోయాయి. వాటిలో అత్యధిక హాని చేసినది 'మరణ పన్ను' వదంతి. లేబర్ గెలిస్తే వారసులకు దక్కే ఆస్తిపై 40 శాతం పన్ను పడుతుందని, దీనిపై గ్రీన్స్ పార్టీతోనూ కార్మిక సంఘాలతోనూ ఒప్పందం కుదిరిందని ఫేస్‌బుక్‌లో విస్తృతంగా ప్రచారమైంది.

ఇది పచ్చి అబద్ధం. మరణించిన వ్యక్తి విడిచిన ఆస్తిపై ప్రభుత్వం వసూలు చేసే పన్నును క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 1977లోనూ, ఫెడరల్ ప్రభుత్వం 1979లోనూ ఎత్తివేశాయి. దాన్ని తిరిగి తెస్తామని లేబర్ విధాన పత్రాల్లో ఎక్కడా లేదు, పార్టీ పదేపదే ఖండించింది కూడా. అయినా వదంతి ఆగలేదంటే, లేబర్ నిజంగా చేసిన ప్రతిపాదనలు సామాన్య ఓటరుకు అర్థం కాకపోవడమే అందుకు ప్రధాన కారణం.

వాటిలో కీలకమైనది ఫ్రాంకింగ్ క్రెడిట్‌కు సంబంధించినది. ఒక కంపెనీ 100 డాలర్ల లాభంపై 30 డాలర్ల పన్ను కట్టి, మిగిలిన 70 డాలర్లను డివిడెండ్‌గా పంచితే, ఆ 30 డాలర్లను వాటాదారు తాను కట్టవలసిన ఆదాయపు పన్నులో మినహాయించుకోవచ్చు. ఒకే లాభంపై రెండుసార్లు పన్ను పడకుండా 1987లో వచ్చిన ఏర్పాటు ఇది. కట్టవలసిన పన్నే లేని వాటాదారుకు ఆ 30 డాలర్లను ఖజానా నుంచి నగదుగా చెల్లించే పద్ధతి 2000లో దీనికి తోడైంది. లేబర్ ఆపుతామన్నది ఈ నగదు చెల్లింపును మాత్రమే, అదీ ప్రభుత్వ పింఛను పొందేవారిని మినహాయించి. ప్రత్యర్థులు దీనికి 'రిటైరీల పన్ను' అని పేరు పెట్టడంతో, వృద్ధుల పొదుపుపై కన్నేసిన పార్టీ రేపు వారి ఇంటినీ వదలదన్న భయానికి దారి తెరుచుకుంది. ఆ భయం పన్ను పడేవారి కంటే పడనివారినే ఎక్కువగా కుదిపింది: ఓటమిపై లేబర్ జరిపించిన సమీక్ష ప్రకారం, ఈ ప్రతిపాదనల వల్ల నష్టపోయే సంపన్న వర్గాల్లో పార్టీకి మద్దతు పెరగగా, వాటితో సంబంధమే లేని అల్పాదాయ ఓటర్లు దూరమయ్యారు. ఇంతకంటే ఆందోళనకరమైన ఫలితం మరొకటి ఉండదు.

లేబర్ మరో ప్రతిపాదనతో, అద్దె ఇళ్ల నష్టాన్ని ఇతర ఆదాయంలోంచి తగ్గించి చూపే 'నెగటివ్ గేరింగ్' రాయితీ పాత యజమానులకూ పోతుందన్న మాట తప్పు. 2020 జనవరి 1కి ముందు కొన్న ఇళ్లకు ఈ మార్పు వర్తించదని లేబర్ స్పష్టంగా చెప్పింది.

పన్ను సంస్కరణతో ఎన్నికలకు వెళితే ఓటమి తప్పదన్న నమ్మకంలో మాత్రం కొంత నిజముందని, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. 15 శాతం వస్తు సేవల పన్నును ప్రతిపాదించిన లిబరల్ నాయకుడు జాన్ హ్యూసన్ 1993లో ఓడిపోయారు. కానీ 10 శాతం పన్నును ముందే ప్రకటించి 1998లో ఎన్నికలకు వెళ్లిన ప్రధాని జాన్ హోవర్డ్, ప్రాధాన్య ఓట్ల తుది లెక్కలో వెనకబడినా, సీట్ల ఆధిక్యంతో గెలిచి 2000 జులైలో దాన్ని అమలు చేశారు. 2019లోనూ లేబర్ సమీక్ష ప్రధానంగా తప్పుపట్టింది పన్నులను కాదు, మితిమీరిన హామీల గందరగోళాన్ని, ప్రజాదరణ లేని నాయకత్వాన్ని, మారని వ్యూహాన్ని.

కాబట్టి సంస్కరణ తలపెట్టే పార్టీ ఒకటి రెండు మార్పులకే పరిమితమై, ఎవరికి ఎంత భారం పడుతుందో, ఎప్పటినుంచి పడుతుందో, పాత పెట్టుబడులకు మినహాయింపు ఉందో లేదో మొదటి రోజే ఉదాహరణలతో ప్రకటించాలి. ఓటరు కూడా పన్ను వార్త విన్నప్పుడు అది ఏ విధాన పత్రంలో, ఏ తేదీన వచ్చిందని అడగాలి. ఎందుకంటే ఇదే మరణ పన్ను ప్రచారం 2020లో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికల్లో లేబర్‌కు వ్యతిరేకంగా మళ్లీ మొదలైంది.