మెటల్ కాన్సర్ట్‌కు పిల్లలతో వెళ్తున్నారా?



ఏడో తరగతి దాటిన పిల్లల నోట్‌బుక్ వెనక అట్టల మీద ఈమధ్య కొన్ని పేర్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. మెటాలికా, ఐరన్ మెయిడెన్, స్లేయర్. పక్కన పుర్రె బొమ్మ, ముళ్లలాంటి అక్షరాలు. పేరెంట్స్ మీటింగ్ రోజున మార్కుల సంగతి అయ్యాక కొందరు గొంతు తగ్గించి అడుగుతారు: "మేడమ్, మావాడు వినే పాటలు మీకు తెలుసా? బెంగళూరులో ఏదో ప్రోగ్రామ్ ఉందట, తీసుకెళ్లమని గొడవ చేస్తున్నాడు. పంపొచ్చా?"

పంపడం కాదు, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లండి అని చెబుతుంటాను. ఇలాంటి కాన్సర్ట్ అనగానే చాలామంది పుర్రెలకూ నల్ల టీషర్టులకూ భయపడతారు. అక్కడ నిజంగా హాని చేయగలది స్పీకర్ ఒక్కటే. దాన్ని కొలవొచ్చు, లెక్క కట్టొచ్చు, చాలావరకు అడ్డుకోవచ్చు కూడా. ముందు ఈ సంగీతం ఏమిటో కొంచెం చెప్పి, తర్వాత చెవుల దగ్గరికి వస్తాను.

హెవీ మెటల్‌కు పుట్టినిల్లు ఇంగ్లండ్‌లోని ఫ్యాక్టరీల ఊరు బర్మింగ్‌హామ్. అక్కడ టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 17 ఏళ్ల వయసులో, అదీ ఉద్యోగంలో చివరి రోజున, మెషిన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం వాడు కాబట్టి గిటార్ తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్లతోనే. ఇక గిటార్ వాయించలేవన్నారు. ప్లాస్టిక్ సీసా ముక్కను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. పలుచని తీగలు వేసుకున్నాడు. తర్వాత వాటి బిగువు తగ్గించి, శ్రుతి దించి వాయించాడు. ఆ బరువైన, లోతైన మోతే బ్లాక్ సబ్బత్ బ్యాండ్ ముద్ర అయింది. వాళ్ల మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. చేతిరాత బాగోలేదని, చేయి నొప్పి అని రాయడం మానేసే మా ఎనిమిదో తరగతి వీరులకు ఈ కథ చెప్తే క్లాసు క్లాసంతా నిశ్శబ్దం.

పాటల్లో ఏముంటుంది అన్నది రెండో అనుమానం. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఐరన్ మెయిడెన్ 1984లో చేసిన 'పవర్‌స్లేవ్' ఆల్బమ్‌లో 13 నిమిషాలకు పైగా సాగే పాట ఒకటుంది. అది కోల్‌రిడ్జ్ 1798లో అచ్చేసిన ముసలి నావికుడి పద్యకథ. ఏ తప్పూ చేయని ఆల్బట్రాస్ పక్షిని నావికుడు బాణంతో కొట్టి చంపుతాడు, ఓడ మొత్తం ఆ ఫలితం అనుభవిస్తుంది. మేం పాఠంగా చెబితే ఆవలించే పిల్లలు దీన్ని కళ్లు మూసుకుని వింటారు! అదే బ్యాండ్ 1983 నాటి 'ద ట్రూపర్' పాటకు ఆధారం క్రిమియా యుద్ధంలో బలక్లావా దగ్గర జరిగిన అశ్వికదళం దాడి. ఆ దాడి మీదే టెన్నిసన్ 1854లో పద్యం రాశాడు. మెటాలికా 'వన్' పాట వెనక డాల్టన్ ట్రంబో 1939లో రాసిన యుద్ధ వ్యతిరేక నవల ఉంది. కాళ్లు, చేతులు, చూపు, వినికిడి, మాట అన్నీ పోయి, మనసు మాత్రం మేలుకునే ఉన్న సైనికుడి కథ అది.

అన్ని బ్యాండ్లూ ఇలాగే ఉంటాయని చెప్పను. హింసను వర్ణించడానికే పాటలు కట్టేవాళ్లున్నారు, నోటికి రాని బూతులు వాడేవాళ్లూ ఉన్నారు. ఈ భయం కూడా కొత్తది కాదు. 1985లో అమెరికా సెనేట్ ముందు దీనిపై విచారణే జరిగింది. ట్విస్టెడ్ సిస్టర్ గాయకుడు డీ స్నైడర్ తన పొడుగు జుట్టుతో అలాగే వచ్చి, తన పాటల్ని సమర్థించుకున్నాడు. క్యాసెట్ల మీద పేరెంట్స్‌కు హెచ్చరిక స్టిక్కర్లు వచ్చింది ఆ గొడవ తర్వాతే. స్టిక్కర్ కన్నా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. టికెట్ కొనేముందు "ఈ బ్యాండ్ పాటల్లో నీకు నచ్చినవి మూడు నాకు అర్థం చెప్పు" అని పిల్లల్నే అడగండి. అర్థం చెప్పడానికి సిగ్గుపడే పాట ఏదో మీకు అక్కడే తెలిసిపోతుంది.

మా ఇంట్లో జరిగింది ఇదే. మాది అనంతపురం. 2011 అక్టోబర్ 30, ఆదివారం, దీపావళి అయిన నాలుగో రోజు, మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. మా అన్న అప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడాది, నేను తొమ్మిది. నాన్న, అమ్మ, అన్న, నేను పొద్దున బస్సెక్కాం. గేటు దగ్గర తిండి లోపలికి రానివ్వరని అమ్మ కట్టిన పులిహోర దారిలోనే అయిపోయింది. బస్సులో అన్న 'వన్' పాట కథ నాన్నకు చెప్పాడు. నాన్న అంతా విని, నా వైపు తిరిగి "అంత బాధుండే కతకి ఇంత మోత ఎందుకు పాపా?" అన్నారు. పాట మొదటి సగం మెల్లగా సాగి, రెండో సగంలో డ్రమ్స్ మెషిన్‌గన్ పేల్చినట్టు ఎందుకు మారతాయో అన్న వేళ్లతో సీటు మీద కొట్టి చూపించాడు. నాన్నకు సంగీతం నచ్చిందని చెప్పలేను. కానీ ఆ ప్రయాణంలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నంత సేపు ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. మేం మాత్రం మైదానంలో బాగా వెనక్కి, జనం పలుచగా ఉన్న చోట ఉన్నాం. అమ్మ ఒక్క మాట అంది: "పిల్లోల్లకి లక్ష్మీబాంబులు వద్దంటిరి, ఇంత దూరం దీనికి పిల్చుకొచ్చిరి!"

అమ్మ పోలిక సరైనదే. ఇప్పుడు చెవుల సంగతి.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో సన్నని రోమకణాలు ఉంటాయి, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. శబ్దాన్ని నాడులకు అందించేవి ఇవే. చర్మం గీసుకుపోతే మళ్లీ వస్తుంది, జుట్టు ఊడితే మొలవొచ్చు. ఈ కణాలు చనిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. నొప్పి కూడా ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు, మనకు తెలియదు.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ లెక్క మామూలు కూడిక లాంటిది కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అందుకే పనిచేసే చోట్ల పెద్దల కోసం అమెరికా సంస్థ నియాష్ ఇచ్చిన పరిమితి ఇలా ఉంటుంది: 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. అలా సగం చేసుకుంటూ పోతే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. మెటల్ కాన్సర్ట్‌లో స్టేజి ముందు 100 దాటడం మామూలే. అంటే నేను పైన చెప్పిన నావికుడి పాట ఒక్కటి వినేసరికి ఆ రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. ప్రోగ్రామ్ రెండు గంటలు. ఈ పరిమితి కూడా ఉద్యోగం చేసే పెద్దలకు పెట్టింది, పన్నెండేళ్ల పిల్లలకు కాదు. ఇయర్‌ఫోన్స్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ చెబితే, పిల్లలకు 75 అని చెప్పింది. అదే సంస్థ 2022లో కాన్సర్ట్ వేదికలకు కూడా ప్రమాణం పెట్టింది: ఏ 15 నిమిషాల సగటు చూసినా 100 దాటకూడదు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇది మెటల్‌కే పరిమితమైన సమస్య కాదు. పెళ్లి బరాత్‌లోనూ నిమజ్జనంలోనూ డీజే బాక్సులకు రెండడుగుల దూరంలో మన పిల్లలు గంటలకొద్దీ ఎగురుతారు. మనం వీడియో తీసి స్టేటస్ పెడతాం. కింద చెప్పేవన్నీ అక్కడికీ వర్తిస్తాయి.

చెవుల్లో దూది పెట్టుకుంటే చాలనుకుంటారు. దూది శబ్దాన్ని దాదాపుగా ఆపదు. మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కావాలి. ప్యాకెట్ మీద ఎన్ఆర్ఆర్ అని ఒక సంఖ్య ఉంటుంది. అది ల్యాబ్‌లో వచ్చిన అంకె, నిజంగా దొరికేది దానిలో సగం అనుకోండి. 30 అని రాసి ఉంటే 15. ఆ పదిహేను చిన్నది కాదు. 100 డెసిబెల్స్ 85కి దిగితే, 15 నిమిషాల పరిమితి 8 గంటలవుతుంది.

పెట్టుకోవడం రాకపోతే ఎంత మంచి ప్లగ్ అయినా వృథా. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా వత్తిలా చుట్టాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగాలి. లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సొంత గొంతు బిందెలోంచి వచ్చినట్టు వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. ఇది వారం ముందు ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. చిన్న పిల్లల చెవి రంధ్రాల్లో ఫోమ్ సరిగ్గా పట్టదు. వాళ్లకు తల మీదుగా వచ్చే ఇయర్ మఫ్స్ నయం, పెట్టుకున్నారో లేదో దూరం నుంచే కనిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అది రక్షణ కాదు, ఇంకో స్పీకర్.

చోటు కూడా ముఖ్యం. ఒక్క చిన్న స్పీకర్ అయితే ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పెద్ద కాన్సర్ట్‌ల్లో వేలాడదీసే స్పీకర్ల వరుసలు శబ్దాన్ని దూరంగా విసరడానికే తయారుచేసినవి కాబట్టి అంత తగ్గదు. అయినా వెనక్కి ఉండండి. సౌండ్ ఇంజినీర్లు కూర్చునే డెస్క్ వెనక భాగం మంచిది. వాళ్లు వింటూ సరిచేసేది ఆ చుట్టుపక్కల శబ్దాన్నే కాబట్టి పాట స్పష్టంగా కూడా వినిపిస్తుంది. స్టేజి ముందు గుంపు ఒకరినొకరు తోసుకుంటూ ఆడే చోటును మాష్ పిట్ అంటారు. అక్కడ పడినవాళ్లను లేపాలన్న మర్యాద ఉంటుంది, నిజమే, కానీ అది స్కూలు పిల్లల చోటు కాదు. గంటకోసారి శబ్దానికి దూరంగా పది నిమిషాలు తీసుకెళ్లండి. నీళ్లు, బాత్‌రూమ్ పనులు అప్పుడే అయిపోతాయి.

టికెట్ మీద వయసు నిబంధన తప్పక చదవండి, ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కోలా ఉంటుంది. వెనక్కి రాని ప్రయాణం టికెట్లు, హోటళ్లు ముందే బుక్ చేయకండి. మేం బెంగళూరులో చూసిన ప్రోగ్రామ్‌కు రెండు రోజుల ముందు, అదే బ్యాండ్ గుర్‌గావ్‌లో చేయాల్సిన షో ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. వేదిక దగ్గర విధ్వంసం జరిగింది. గేటు లోపలికి వెళ్లగానే, విడిపోతే ఎక్కడ కలవాలో వేలితో చూపించి చెప్పండి. ఫోన్ నెంబర్ కాగితం మీద రాసి పిల్లల జేబులో పెట్టండి, అంత జనంలో నెట్‌వర్క్ మీద ఆధారపడలేం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. అందువల్ల మైదానంలో జరిగేవి మామూలుగా పదిలోపే ముగుస్తాయి, జనమంతా ఒక్కసారే బయటికి వస్తారు. చివరి పాట వదులుకోవడానికి పిల్లలు ఒప్పుకోరు కనుక, అది అయ్యాక అరగంట లోపలే కూర్చుని కదలండి. రాత్రికి రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకుంటే మర్నాడు క్లాసులో నిద్రే, అది మాకు తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక చెవులు గింగురుమంటున్నాయా, మాటలు దూది చాటు నుంచి వస్తున్నట్టున్నాయా అని అడగండి. సాధారణంగా కొన్ని గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గినా, ఆ రోజు శబ్దం ఎక్కువైందని అర్థం. ఆ వారం ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టించండి. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ చెవుల్లో మోత ఏళ్ల తరబడి ఆగలేదు. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు, మీ మాట వినని పిల్లలు ఆయన మాట వింటారేమో చూడండి. రెండు రోజులు దాటినా మోత తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి ఆడియోగ్రామ్ చేయించండి. ఒక చెవి ఒక్కసారిగా వినపడకుండా పోతే మాత్రం రెండు రోజులు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.